కళ్ల ముందున్న హెచ్చరికను నేనెందుకు చదవలేదు?

మాలతీలత · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఇవాళ జరిగింది ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం కంప్యూటర్లో పాత ఫైళ్లు సర్దుతూ కూర్చున్నాను. ఒకే ఫొటో రెండేసి మూడేసి చోట్ల ఉంది. ఒకటి ఎంచుకోవడం, డిలీట్ నొక్కడం, "దీన్ని చెత్తబుట్టలోకి పంపాలా?" అని చిన్న పెట్టె రావడం, ఎంటర్ కొట్టడం. ఇలా నలభై యాభై సార్లు చేసి ఉంటాను. అదే ఊపులో ఒక ఫోల్డర్ ఎంచుకున్నాను. అందులోనూ ఆ ఫొటోలే అనుకున్నాను. పెట్టె వచ్చింది, ఎంటర్ కొట్టాను.

అది నాన్న వీడియోల ఫోల్డర్. ఆయన తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే మూడేళ్లపాటు తీసినవి, మొత్తం 63. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. కంగారుగా చెత్తబుట్ట తెరిచి చూస్తే ఫొటోలన్నీ ఉన్నాయి, ఆ ఫోల్డర్ మాత్రం లేదు. అక్క కంప్యూటర్లో అక్కర్లేని పెద్ద ఫోల్డర్ ఒకటి డిలీట్ చేసి చూశాక సంగతి తెలిసింది. అంత పెద్దదైతే పెట్టెలో మాట మారుతుంది: "ఇది చెత్తబుట్టలో పట్టదు. శాశ్వతంగా తొలగించాలా?" అదే సైజు, అదే చోటు, అవే రెండు బటన్లు.

ఆ వాక్యం నా కళ్ల ముందు ఉంది. పెట్టె రావడం నేను చూశాను కూడా. మరి చదవలేదెందుకు? నాకు 47 ఏళ్లు. బుర్రకేమైనా అవుతోందా అని టెన్షన్‌గా ఉంది.

కోడ్‌రైతు · సోమవారం, రాత్రి 11:34

మాలతీలత గారూ, మిగతా మాటలు తర్వాత. ముందు ఆ కంప్యూటర్ ఆపేయండి, ఇప్పుడే.

డిలీట్ చేయగానే ఫైల్ తుడిచిపెట్టుకుపోదు. ఆ చోటు ఇక ఖాళీ అని కంప్యూటర్ తన పట్టికలో రాసుకుంటుంది, అంతే. దాని మీద ఇంకేదైనా రాసేవరకు లోపలి సరుకు అక్కడే ఉంటుంది. బ్రౌజర్ తెరిచినా, అప్‌డేట్ దానంతటది వచ్చినా రాత మొదలవుతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. మీది ఏ రకం డిస్క్? లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంది. తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ అయితే ఖాళీ అయిన చోటును తనే త్వరగా శుభ్రం చేసుకుంటుంది, అప్పుడు కష్టం.

పాతకలం · మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, మీ బాధ అర్థమైంది. నొప్పించాలని కాదు గానీ ఒక మాట చెప్పాలి. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల పుస్తకాలు సరిచూసినవాణ్ణి. సంతకం పెట్టే ముందు చదవాలి, మీట నొక్కే ముందు చదవాలి. యంత్రం అడిగింది, మనం అవునన్నాం. ఇందులో దాని తప్పేముంది? కారణం బయట వెతుక్కుంటే రేపు మళ్లీ ఇదే జరుగుతుందని నా భయం. ఏ పని అయినా నిదానంగా చేయడం అలవాటు చేసుకోండి.

కంటిపాప · మంగళవారం, ఉదయం 8:40

మాలతీలత గారూ, ముందు మీ భయం సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ బుర్రకేమీ కాలేదు, అది చేయాల్సిన పనే చేసింది. నేను కాలేజీలో చూపు, ధ్యాస గురించి పాఠాలు చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చెయ్యి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. ఏ క్షణంలోనైనా మీ కన్ను అక్షరాలు పోల్చుకునేంత స్పష్టంగా చూసేది దాదాపు ఆ గోరంత మేర. మిగతా తెరంతా మసకే. కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు చోటు మారుతూ ఉంటుంది, ఆ ముక్కలను మెదడు అతికి నిండు బొమ్మగా చూపిస్తుంది. అంతా ఒకేసారి కనిపిస్తున్నట్టు మనకు అనిపిస్తుంది గానీ అది నిజం కాదు. మరి కన్ను ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది? ఇంతకుముందు ఏం జరిగింది, ఇప్పుడు ఏం రాబోతోంది అన్న అంచనా నుంచి. నలభై సార్లు ఒకే పెట్టె ఒకే చోట వస్తే, అందులో కొత్తగా చదవాల్సింది ఏమీ లేదని మెదడు తేల్చేసుకుంటుంది. ఆ తర్వాత పెట్టె అంచులు మసగ్గా కనిపిస్తే చాలు, వేలికి కబురు వెళ్లిపోతుంది. అక్షరాల దాకా చూపు వెళ్లే అవసరమే రాదు.

ఒకవేళ కన్ను సరిగ్గా ఆ వాక్యం మీదే ఆగి ఉన్నా కనబడి ఉండేదని చెప్పలేం. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, మధ్యలోంచి నడిచి వెళ్లిన గొరిల్లా వేషాన్ని దాదాపు సగం మంది చూడలేదు. నాకు ఇంకా బలంగా తగిలింది 2013లో ట్రాఫ్టన్ డ్రూ, ఆయన సహచరులు ప్రచురించినది. 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల సీటీ స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమన్నారు. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మ పెట్టారు, మామూలు గడ్డకు 48 రెట్ల సైజులో. 20 మందికి అది కనబడలేదు. వాళ్ల కంటి కదలికలు కూడా నమోదు చేశారు. ఆ 20 మందిలో సగానికి పైగా నేరుగా ఆ గొరిల్లా మీదే చూపు నిలిపారు!

వాళ్లు జీవితమంతా స్కాన్లు చూసినవాళ్లు, అజాగ్రత్త మనుషులు కారు. గడ్డ కోసం వెతుకుతున్న కంటికి గొరిల్లా కనబడలేదు. ఫొటో తీసేస్తున్న కంటికి "శాశ్వతంగా" అన్న మాట కనబడలేదు. "చూశాను కానీ చదవలేదు" అన్నారు చూడండి, సరిగ్గా జరిగింది అదే.

నైట్‌డ్యూటీ · మంగళవారం, ఉదయం 9:15

ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నేను ఐసీయూలో నర్సుని.

మా దగ్గర ప్రతి మంచానికీ ఒక మానిటర్, మందును కొద్దికొద్దిగా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు రెండు మూడు ఉంటాయి. అన్నీ కూస్తూనే ఉంటాయి. చాలాసార్లు పేషెంట్ పక్కకు తిరగడం వల్ల ఆక్సిజన్ కొలిచే వేలి క్లిప్ జారి ఉంటుంది, లేదా ఛాతీ మీద అంటించిన తీగ ఊడి ఉంటుంది. అలారం ఆపే బటన్ ఎక్కడుందో నా వేలికి తెలుసు, చీకట్లో కూడా సూటిగా వెళ్తుంది. ఒక రాత్రి మూడు గంటలప్పుడు ఒక మంచం పక్కనుంచి వెళ్తూ అలారం ఆపాను. నాలుగడుగులు వేశాక "ఇప్పుడు నేను ఏ అలారం ఆపాను?" అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. గుర్తు లేదు. వెనక్కి పరుగెత్తాను. ఆక్సిజన్ నిజంగానే పడిపోతోంది. క్లిప్ సరిగ్గానే ఉంది. సమయానికి అందుకున్నాం, ఆయన బాగానే ఇంటికి వెళ్లారు.

ఆ నాలుగడుగులు ఈ రోజుకీ మర్చిపోలేదు. పాతకలం గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. నేను నిదానస్తురాలినే. కానీ పన్నెండు గంటల డ్యూటీలో వందల సార్లు ఉత్తినే అరిచే యంత్రానికి ప్రతిసారీ మొదటిసారిలా స్పందించడం ఏ మనిషి వల్లా కాదు.

మాలతీలత · మంగళవారం, ఉదయం 10:02

కోడ్‌రైతు గారూ, రాత్రే ఆపేశాను. ఏడేళ్ల నాటి కంప్యూటర్, తిరిగే హార్డ్ డిస్కే. చెవి దగ్గర పెడితే గిర్రుమని వినిపించేది. తెలిసినవాళ్ల ద్వారా ఒకరిని పట్టుకున్నాను, డిస్క్ బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి చూస్తామన్నారు.

కంటిపాప గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది గానీ కొంచెం తేలికైంది.

పాతకలం · మంగళవారం, మధ్యాహ్నం 12:30

నర్సమ్మ గారు చెప్పింది కొట్టిపారేయలేను. కానీ ఒక సందేహం. విమానం నడిపేవాళ్ల ముందు వందల మీటలుంటాయి. శిక్షణతో వాళ్లు తప్పు చేయకుండా నడపడం లేదా? మనిషిని తీర్చిదిద్దితే సాధ్యమేనని అది చూపించడం లేదా?

రెక్కలు · మంగళవారం, మధ్యాహ్నం 2:10

పాతకలం గారు అడిగిన ప్రశ్న సరిగ్గా నా రంగంలోకి వచ్చింది. నేను విమానాల మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నకు జవాబు రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17 బాంబర్లలో ఉంది.

విమానం క్షేమంగా దిగేది. రన్‌వే మీద పరుగెడుతుండగా పైలట్ ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) పైకి తీయబోయి చక్రాలు లోపలికి ముడిచేసేవాడు. విమానం బోర్లా పడేది. ఇలా పదేపదే జరిగింది. రికార్డుల్లో "పైలట్ తప్పిదం" అని రాసేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే ఉన్నాయి, చేతికి రెండూ ఒకేలా తగులుతున్నాయి. ఆయన చేసిన చికిత్స చాలా చిన్నది. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారంలో పిడి, ఫ్లాప్స్ మీటకు రెక్క ముక్కలాంటి పిడి. చేయి పడగానే ఏది పట్టుకున్నామో తెలుస్తుంది. ఇప్పటికీ విమానాల్లో చక్రాల మీటకు గుండ్రటి పిడి ఉండటం వెనక ఈ కథ ఉంది. నేను ఎన్నో వందలసార్లు ఆ పిడి తుడిచాను.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు "పైలట్ తప్పిదాలు" అనబడే 460 అనుభవాలు సేకరించి విడమరిచారు. ఒక మీట అనుకుని ఇంకోటి లాగడం, ఒక దిక్కు అనుకుని ఇంకో దిక్కుకి తిప్పడం, ఇవే మళ్లీ మళ్లీ తేలాయి. మనిషి మారినా అదే చోట అదే తప్పు జరుగుతోందంటే ఆ చోటును చూడాలి కదా.

ఇంకొకటి. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దిగబోతూ ఒక ఎయిర్‌బస్ ఏ320 కొండను గుద్దుకుంది. ఎయిర్ ఇంటర్ ఫ్లైట్ 148. అందులో ఉన్న 96 మందిలో 87 మంది పోయారు. దర్యాప్తులో ఎక్కువ మొగ్గు చూపిన వివరణ ఇది. దిగే వేగాన్నీ, దిగే కోణాన్నీ ఒకే నాబ్‌తో, ఒకే కిటికీలో పెట్టేవారు, మోడ్ మార్చడానికి ఒక బటన్. పైలట్లు 3.3 డిగ్రీల కోణం అనుకున్నారు. యంత్రం వేగం మోడ్‌లో ఉంది. కిటికీలో కనిపించిన 33 అంటే దానికి నిమిషానికి 3,300 అడుగులు. ఒక చుక్క, ఒక చిన్న అక్షరాల గుర్తు తప్ప రెండింటికీ తేడా లేదు. తర్వాత వేగం మోడ్‌లో నాలుగు అంకెలూ కనిపించేలా మార్చారు.

శిక్షణ తక్కువైనవాళ్లు కాదండీ వాళ్లు. మాలతీలత గారి పెట్టె కూడా అచ్చం ఇలాంటిదే: ఒకే రూపం, రెండు అర్థాలు.

కోడ్‌రైతు · మంగళవారం, సాయంత్రం 6:48

నేను రాసిన సాఫ్ట్‌వేర్లో ఇలాంటి పెట్టెలు చాలా ఉన్నాయి. ఎందుకు పెడతామో చెబుతాను. ఎవరైనా డేటా పోగొట్టుకుని ఫిర్యాదు చేస్తారు. మీటింగ్‌లో ఎవరో "అడిగి చేస్తే పోలేదా" అంటారు. పది నిమిషాల పని, ఒక పాపప్ పెట్టేస్తాం. ఫిర్యాదు మూసేస్తాం. ఆ పాపప్ వల్ల భద్రత పెరిగిందా అని ఎవరూ మళ్లీ చూడరు. బాధ్యత మాత్రం మా చేతిలోంచి వాడేవాళ్ల చేతిలోకి వెళ్లిపోతుంది. నిన్న మాలతీలత గారి పోస్ట్ చదివాక నిజంగా సిగ్గేసింది.

చదువుకునే రోజుల్లో మాకు థెరాక్-25 గురించి చెప్పారు. కేన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి ప్రమాదకరమైన ఓవర్‌డోస్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. లోపల ప్రోగ్రామ్‌లో దోషం ఉంది, దాన్ని ఆపాల్సిన హార్డ్‌వేర్ తాళాలు తీసేశారు, అది అసలు కారణం. కానీ తెర సంగతి కూడా చూడండి. ఏదో తేడా వస్తే "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చేది. 54 అంటే ఏమిటో ఆపరేటర్‌కి అర్థమయ్యేలా ఎక్కడా లేదు. అలాంటివి తరచుగా వస్తుండేవి, "పీ" అనే మీట ఒకటి నొక్కితే పని కొనసాగేది. అలవాటుగా నొక్కారు. అవతలి గదిలో పేషెంట్ కాలిపోతున్నాడని ఆ అంకె చెప్పలేదు.

నాకిప్పుడు తోస్తున్నది ఇది. "చేయాలా?" అని ముందే అడగడం కన్నా, చేసేసి వెనక్కి తీసుకునే వీలివ్వడం మేలు. మనిషికి తప్పు ఎప్పుడు తెలుస్తుంది? నొక్కిన మరుక్షణం. మాలతీలత గారికీ అంతే కదా, ఎంటర్ కొట్టగానే గుండె జారింది. ముందు అడిగిన ప్రశ్న అప్పుడు పనికిరాదు, వెనక్కి తిప్పే దారి కావాలి. జీమెయిల్‌లో ఉత్తరం పంపాక "అన్‌డూ" అని కాసేపు కనిపిస్తుంది, సెట్టింగ్స్‌లో 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. అది నన్ను ఎన్నిసార్లు కాపాడిందో! నిజంగా వెనక్కి తీసుకోలేని పని అయితే, దాన్ని పూర్తిగా వేరే రూపంలో అడగాలి. కొన్ని చోట్ల తొలగించబోయే ప్రాజెక్టు పేరును అక్షరం అక్షరం టైప్ చేయమంటారు. "నాన్న వీడియోలు" అని చేత్తో టైప్ చేయాల్సి వచ్చి ఉంటే ఆ వేళ్లు ఆగేవి.

గాలిపటం · మంగళవారం, రాత్రి 7:20

హవాయిలో 2018లో క్షిపణి దాడి అని అందరి ఫోన్లకూ తప్పుడు హెచ్చరిక వెళ్లింది కదా, అది కూడా మెనూలో రాంగ్ బటన్ నొక్కడం వల్లే. మంచి ఉదాహరణ.

రెక్కలు · మంగళవారం, రాత్రి 8:05

మొదట అలాగే వార్త వచ్చింది గాలిపటం గారూ. తర్వాతి విచారణలో వేరేగా తేలింది. అది డ్రిల్. ఉద్యోగులకు వినిపించిన సందేశంలో "ఇది అభ్యాసం" అన్న మాటా ఉంది, "ఇది డ్రిల్ కాదు" అన్న మాటా ఉంది. ఆ ఉద్యోగి నిజం దాడి అనుకునే హెచ్చరిక పంపాడని అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ నివేదిక చెప్పింది. చెయ్యి జారడం ఒకటి, తప్పుగా అర్థం చేసుకుని సరిగ్గానే నొక్కడం ఇంకొకటి. రెండో దానికి బటన్ రంగు మార్చినా లాభం లేదు. కానీ ఆ రోజు అసలు ఘోరం వెనక్కి తీసుకోవడంలో ఉంది. జనవరి 13 ఉదయం 8:07కి హెచ్చరిక వెళ్తే, అది తప్పు అని ఫోన్లకు సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ సందేశం ముందే సిద్ధం చేసి లేదు. కోడ్‌రైతు గారి అన్‌డూ మాట ఇక్కడ సరిపోతుంది.

శబ్దలోకం · మంగళవారం, రాత్రి 9:30

నాకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది మాటలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఇదంతా వింటూ వచ్చాను. ఇప్పటిదాకా అందరూ కంటి గురించే మాట్లాడారు, చెవి గురించి నేను చెబుతాను.

మీకు తెర ఒక బల్లలా ఉంటుంది, అన్నీ పరిచి. నాకు అది ఒక దారంలా వస్తుంది, ఒక మాట తర్వాత ఒకటి. పాపప్ వచ్చిందని నాకు తెలిసేది అది మాట్లాడినప్పుడే. నేను మామూలు మాట కన్నా చాలా వేగంగా వింటాను, పక్కన కూర్చున్నవాళ్లకు అది తెలుగో ఇంగ్లీషో కూడా పోల్చుకోలేనంత వేగం. అయినా అలవాటైన పెట్టె అయితే మొదటి రెండు అక్షరాలు వినగానే ఎంటర్ కొట్టేస్తాను, మిగతా వాక్యం అక్కడే తెగిపోతుంది. "దీన్ని..." అని వినబడగానే వేలు కదులుతుంది. చివర్లో "శాశ్వతంగా" అని ఉంటే నేను వినను. కాబట్టి మాలతీలత గారూ, ఇది కంటి లోపం కాదని నా మాటగా కూడా తీసుకోండి. చూపు లేని నాకూ ఇదే జరుగుతుంది.

రాసేవాళ్లకు ఒక్క మనవి. తేడాను చెప్పే మాట ముందు పెట్టండి. "శాశ్వతంగా తొలగింపు:" అని మొదలైతే నా వేలు ఆగుతుంది.

ఇక కోడ్‌రైతు గారి అన్‌డూ. మంచిదే. కానీ ఆ "అన్‌డూ" అన్న పట్టీ తెర కింద మూల ఐదు సెకన్లు మెరిసి పోతుందే, దాని దగ్గరికి చేరడానికి నేను ట్యాబ్ కొట్టుకుంటూ పోవాలి. చాలాసార్లు నేను వెళ్లేలోపు మాయమవుతుంది. కొన్ని యాప్‌లలో అది వచ్చినట్టు స్క్రీన్ రీడర్‌కి కబురే అందదు. బటన్లకు పేర్లు పెట్టరు, "బటన్, బటన్, బటన్" అని మూడుసార్లు వినిపిస్తుంది. అందులో ఏది డిలీటో, ఏది అన్‌డూనో నేను నొక్కి తెలుసుకోవాలి. ఒకసారి అలా నొక్కే నా ఉద్యోగ దరఖాస్తు మొత్తం పోగొట్టుకున్నాను, గడువు ముగియడానికి గంట ముందు. మళ్లీ మొదట్నుంచి నింపేసరికి గడువు దాటిపోయింది. కంట్రోల్ జెడ్ లాంటిది అయితే ఎప్పుడు నొక్కినా పని చేస్తుంది, నాకు పరుగు ఉండదు.

కోడ్‌రైతు · మంగళవారం, రాత్రి 10:15

శబ్దలోకం గారూ, ఇది నాకు తట్టలేదు. అన్‌డూ ఇచ్చాం కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. మీ పోస్ట్ చదివాక మా యాప్‌ను కళ్లు మూసుకుని, స్క్రీన్ రీడర్ ఆన్ చేసి తెరిచాను. పదిహేను నిమిషాల్లో లాగిన్ దాటలేకపోయాను. రేపు టీమ్‌లో ఇదే చూపిస్తాను. పట్టీ దానంతటది మాయం కాకూడదు, మాట వరస మార్చాలి, బటన్లకు పేర్లుండాలి. ఈ మూడూ ఈ వారంలో నేనే చేస్తాను.

కంటిపాప · బుధవారం, ఉదయం 7:50

శబ్దలోకం గారు చెప్పింది నా పాఠాల్లో చేర్చుకుంటాను, మీరు ఒప్పుకుంటే.

ధ్యాస గురించి చాలా అయింది, జ్ఞాపకం గురించి కూడా ఒక మాట. ఏటీఎంలో డబ్బు తీసుకుని కార్డు మర్చిపోయి వచ్చినవాళ్లు మనలో ఎంతమంది! ఎవరూ మొదట్లో పిన్ కొట్టడం మర్చిపోరు, చివర్లో కార్డు మర్చిపోతారు. ఎందుకంటే వెళ్లిన పని డబ్బు. అది చేతిలో పడగానే మనసు ఆ పని అయిపోయిందని కొట్టేస్తుంది, ఆ పనితో పాటు పట్టుకున్న చిల్లర సంగతులన్నీ జారిపోతాయి. దీని మీద బైర్న్, బొవేర్ అనే పరిశోధకులు 1997లో రాశారు. మనసులో మోస్తున్న బరువు ఎక్కువైతే ఈ మరపు పెరుగుతుందని వాళ్లు చూపించారు. చాలా యంత్రాల్లో ఇప్పుడు కార్డు తీసుకుంటేనే డబ్బు వస్తుంది. మనుషులకు ఎవరూ జ్ఞాపకశక్తి తరగతులు పెట్టలేదు, యంత్రం ఇచ్చే వరస మార్చారు.

మనం ఒకేసారి మనసులో పట్టుకోగలిగేది ఎంత తక్కువో తెలిస్తే ఇదంతా వింతగా అనిపించదు. 1956లో జార్జ్ మిల్లర్ ఏడుకు ఒకటి రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అసలు లెక్క నాలుగు దగ్గర ఉంటుందని వాదించాడు. మాలతీలత గారి చేతిలో అప్పుడు ఏమున్నాయి? ఏ ఫొటో ఉంచాలి, ఏది తీయాలి, ఏ ఫోల్డర్ చూసేశాను, ఏది మిగిలింది. నాలుగూ నిండిపోయాయి. పెట్టెలో మాట మారిందా అని చూసేందుకు అందులో చోటు లేదు.

పాతకలం · బుధవారం, ఉదయం 11:00

రెండు రోజులుగా అందరూ రాసింది చదివాను. రెక్కలు గారు చెప్పిన పిడి కథ మనసులో నిలిచిపోయింది. మా ఆఫీసులో కూడా రెండు రిజిస్టర్లు ఒకే రంగు అట్టతో ఉండేవి. ఒకదాంట్లో రాయాల్సింది ఇంకోదాంట్లో రాసి ఎంతమంది కుర్రాళ్లు నాతో తిట్లు తిన్నారో. ఒక అట్ట మార్చి ఉంటే సరిపోయేదని ముప్పై నాలుగేళ్లలో నాకు తోచలేదు. వాళ్లలో కొందరు బాగా నొచ్చుకున్నారు. మాలతీలత అమ్మా, మంగళవారం నాటి నా మాటకు క్షమించండి.

అయితే ఒకటి మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నాను. యంత్రాలు మారేదాకా మనం ఏం చేయాలి? నా అలవాటు చెబుతాను. పెద్ద మొత్తం రాసేటప్పుడు అంకె మీద వేలు పెట్టి పైకి చదివేవాణ్ణి. పక్కవాళ్లు వింతగా చూసేవారు.

రెక్కలు · బుధవారం, ఉదయం 11:25

వింత కాదు పాతకలం గారూ! జపాన్ రైల్వేల్లో డ్రైవర్లు, గార్డులు ఇదే చేస్తారు. సిగ్నల్ కనబడగానే వేలితో చూపించి, దాని స్థితిని పైకి చెబుతారు. చెయ్యి, కన్ను, నోరు, చెవి నాలుగూ ఒకే పనిలో పడితే అలవాటు ఊపు తెగుతుంది. తప్పులు బాగా తగ్గుతాయని వాళ్ల పరిశోధనల్లో కూడా తేలింది. అయితే అది సిగ్నల్ లాంటి ముఖ్యమైన చోటే. నలభై ఫొటోలకు నలభై సార్లు చేస్తే అదీ మొక్కుబడి అయిపోతుంది.

నైట్‌డ్యూటీ · బుధవారం, మధ్యాహ్నం 1:40

నేనూ ఇప్పుడు అలారం ఆపే ముందు ఏ అలారమో పేరు పైకి అంటున్నాను. "ఆక్సిజన్ 92." "తీగ ఊడింది." నిన్న రాత్రి నుంచే మొదలుపెట్టాను. ఒక పేషెంట్ తల్లి "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా" అని అడిగింది.

మాలతీలత · శనివారం, సాయంత్రం 5:15

డిస్క్ ఇవాళ తిరిగొచ్చింది. 63లో 48 పూర్తిగా వచ్చాయి. తొమ్మిది అసలు దొరకలేదు, వాటి చోట ఇంకేదో రాసేసి ఉందన్నారు. బహుశా ఆ సాయంత్రం నేను కంగారులో బ్రౌజర్ తెరిచి వెతికిన అరగంటలో. కోడ్‌రైతు గారూ, ఆ రాత్రి మీరు ఆపమని ఉండకపోతే ఇంకెన్ని పోయేవో.

ఫైళ్లన్నీ రెండు చోట్ల కాపీ చేశాను. ఒకటి అక్క దగ్గర ఉంది. కాపీ చేసేటప్పుడు కూడా ఒక పెట్టె వచ్చింది. వేలు పెట్టి పైకి చదివాను, పాతకలం గారూ. క్షమాపణ అక్కర్లేదండీ, మా నాన్న కూడా మీలాగే అనేవారు.

మిగిలిన ఆరూ సగం సగంగా వచ్చాయి. బొమ్మ మొదటి క్షణంలోనే ఆగిపోయి చతురస్రాలుగా విరిగిపోతుంది, నాన్న చొక్కా రంగు తప్ప ఏమీ తెలియదు. కానీ గొంతు ఆగలేదు. చెరువులో ఈత నేర్చుకున్న కథ 22 నిమిషాలూ ఉంది. మధ్యలో ఒకచోట దగ్గి, "అది ఆన్‌లోనే ఉందా?" అని నన్ను అడుగుతారు. ఉంది నాన్నా అని నేను అంటాను.